ఐదో తారీకు

ఈ నెల ఐదో తారీకున
నెల్లూరు బస్సు ఎక్కలేదు నేను.
డ్రైవరు మా సందు మొగదల బ్రేకు మీద కాలేసి
రెండు సార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.
పన్నెండేళ్ళ అలవాటు, వాడిది కూడా.

తెల్లమచ్చ వచ్చిన ఏడు
నేను కౌలుకు పట్టిన మూడెకరాల గుంటలో
పొద్దున చెక్‌ట్రే ఎత్తితే
రొయ్య చేతికి మెత్తగా తగిలింది.
సాయంత్రానికి గట్టు చుట్టూ కొంగలు.
కొంగలు అంత సంబరంగా ఉండటం
మైపాడు దిక్కున మళ్ళీ చూడలేదు.

"ఐపీ పెట్టెయ్, చేతులు దులుపుకో" అన్నాడు మా తమ్ముడు.
చేతులకి మేత వాసనే ఇంకా వదల్లేదు,
దులిపితే ఏం రాలుద్ది?

ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి మానుకున్న మస్తాన్ సాయిబు
ఇందుకూరుపేటలో తన వరండాలో
తొమ్మిది మందిని బెంచీల మీద కూర్చోబెట్టాడు.
సీడు, మేత, డీజిలు, ఏరేటర్ల మెకానిక్కు, కౌలు ఆసామి,
తక్కినోళ్ళు నోట్లు మడిచి జేబులో పెట్టుకొచ్చినోళ్ళు.
"మీరు వడ్డీ వదలండి. ఆ యమ్మ అసలు వదలదు"
అన్నాడు.
ఆయనకెట్టా తెలుసో. అప్పటికి నాకే తెలీదు.

నెలకి ఆరు వేలు.
ఎవరి వంతు వాళ్ళకి,
పచ్చ అట్ట పుస్తకంలో తొమ్మిది గళ్ళు.
ఐసు నీళ్ళలో రొయ్య తలలు తీసే షెడ్డులో
వేళ్ళు తెల్లబడి, పగిలి, మళ్ళీ తెల్లబడి.
నాలుగు వేలే తెచ్చి
చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయిన నెల ఉంది.
డీజిలాయన గొంతు రోడ్డు దాకా వినపడ్డ నెల ఉంది.
అవేవీ పుస్తకంలో లేవు.
ఎర్ర సిరాతో "తక్కువ" అని ఒక్క మాట.

ఒక్కో గడీ మూసుకుంటా వచ్చి
మేత కొట్టు పద్దొకటి మిగిలింది.
ఆసామి పోయి నాలుగేళ్ళు. కొడుకు
ఫోన్లోంచి తలెత్తకుండా
"నలభై రెండు వేలా? ఇరవై ఇచ్చి ముగించమ్మా,
పాత పుస్తకాలన్నీ మూసేస్తన్నా" అన్నాడు.
కొసరు పుచ్చుకోవడం తెలుసు,
కొసరే సగం దాటితే ఎట్టా పుచ్చుకోవాలో తెలీదు.
పుచ్చుకున్నాను.
అబద్ధమెందుకు, బస్సులో నవ్వాను కూడా.
ఇంటికొచ్చాక ఆ ముసలాయన గుర్తొచ్చాడు,
సగం బస్తా అరువడిగితే
బస్తా మొత్తం సైకిలుకి కట్టించిన మనిషి.

మస్తాన్ సాయిబు నోటు వెనక "చెల్లు" రాసి
అడ్డంగా చించి ముక్కలు నా చేతిలో పెట్టాడు.
ఒక ముక్కలో "కామా"
ఇంకో ముక్కలో "క్షమ్మ".
"ఇంక నువ్వు రానక్కర్లేదు తల్లీ" అన్నాడు.
వెళ్ళగొట్టినట్టు వినపడింది నాకు.
ఇన్నేళ్ళలో మొదటిసారి
బెంచీ మీద కూర్చుని ఆ ఇంట్లో టీ తాగాను.
తీపెక్కువ. చెప్పలేదు.

ఇవాళ పొద్దున నా చేతులు వాటంతటవే
ఆరు వేలు లెక్కపెట్టి కొంగున ముడేశాయి.
ఆ ముడి చూసినాకే గుర్తొచ్చింది,
పదో గడి.

పోలయ్య.
రాత్రుళ్ళు ఏరేటర్లు ఆగకుండా కాపలా కాసి
మోటారు గొంతు మారితే
లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు.
మూడు నెలల జీతం, నెలకి రెండు వేలు.
నోటు లేదు, సాక్షి లేడు,
వరండాకి వాణ్ణి ఎవరూ పిలవలేదు.
నేనూ పిలవలేదు.

కాలవ గట్టున వల అల్లుకుంటా ఉన్నాడంట.
బస్సు పోని దారి.
నడుస్తున్నాను.
పన్నెండేళ్ళ వడ్డీ ఎంతవుద్దో
వేళ్ళ మీద వేసుకుంటా, తప్పుతా, మళ్ళీ మొదలెడతా.
వడ్డీ వదలమని
వాడిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.